విప్పి చూచిన చేతులు: జి.డి. నాయుడు జీవితము

నంద్యాల జిల్లాలో నందికొట్కూరునకును ఆత్మకూరునకును నడుమ పాములపాడు కలదు. ఆ మండలములోనిదే బనకచర్ల. శ్రీశైల జలాశయమునుండి పోతిరెడ్డిపాడు మీదుగా వచ్చిన కృష్ణాజలము బనకచర్ల రెగ్యులేటరు వద్ద పాయలుగా విడిపోవును. ఒక పాయ తెలుగుగంగయై వెలుగోడు జలాశయమును చేరి, అటనుండి దక్షిణమునకు సాగి, తుదకు చెన్నపట్టణమువారి దాహము తీర్చుటలో పాలుపంచుకొనును. వేరొక పాయ శ్రీశైలము కుడిగట్టు కాలువయై పొలములవైపు మరలును. ఇంత నీటిని అటునిటు త్రిప్పునవి కొన్ని ఇనుప తలుపులు మాత్రమే. ఆ తలుపు లేవవలెనన్నను, దిగవలెనన్నను దాని పండ్లచక్రములకు కందెన పడవలెను. తుప్పు తినకుండ పూత పడవలెను. బిగిసిన మరను సకాలమున సడలించు చేయి యొకటి ఉండవలెను. ఎంత గొప్ప కట్టడమైనను తుదకు అట్టి చేతిపై ఆధారపడియే నిలుచును.

ఈ సంగతి పల్లెటూరి రైతునకు తెలియనిది కాదు. ఎడ్లబండికి కందెన పెట్టిన తాతలనుండి ట్రాక్టరునకు నూనె మార్చు మనుమలవరకు అందరును ఎరిగినదే. అయినను యంత్రమును కొనుట వేరు, దానిని నిజముగా తనదిగా చేసికొనుట వేరు. ధనమున్నవాడు కొనవచ్చును. తనదిగా చేసికొనుటకు మాత్రము ధనము చాలదు. యంత్రమును విప్పి, ప్రతి భాగమును ఎరిగి, మరల కూర్చి, దానిని ఏండ్ల తరబడి కాపాడవలెను. ఈ భేదమును తన బ్రదుకంతయు ఆచరించి చూపిన తెలుగువాడొకడు మన ఎల్లలకు వెలుపల, తమిళదేశమున పుట్టి పెరిగెను. ఆయనయే కోయంబత్తూరు జి.డి. నాయుడు.

విజయనగర రాజ్యకాలమునను, ఆ పిదప నాయకరాజుల కాలమునను ఎన్నియో తెలుగు రైతుకుటుంబములు దక్షిణమునకు తరలిపోయి, నేటి తమిళనాడునందలి నల్లరేగడి భూములలో స్థిరపడినవి. ఇండ్లలో తెలుగు, వీధిలో తమిళము మాట్లాడుకొనుచు ఆ కుటుంబములు సేద్యము సాగించినవి. నంద్యాల సీమ రైతునకు కోయంబత్తూరు ప్రాంతము క్రొత్తగా తోపదు. అచ్చటను నల్లనేల కలదు, అచ్చటను పత్తియే పెద్దపంట. అట్టి నేలపై, కోయంబత్తూరునకు చేరువనున్న కలంగల్ గ్రామమున, 1893వ సంవత్సరము మార్చి 23వ తేదీన గోపాలస్వామి నాయుడను రైతునకు దొరస్వామి జన్మించెను. గోపాలస్వామి దొరస్వామి నాయుడన్న పూర్తిపేరు పిమ్మట లోకమున జి.డి. నాయుడుగా నిలిచిపోయినది.

బాల్యమున దొరస్వామికి బడి రుచింపలేదు. ఉపాధ్యాయునిపై ఇసుక చల్లి పారిపోయెనన్న కథ ఆయనను గురించి నేటికిని చెప్పుకొనుచుందురు. ప్రాథమికవిద్యతోనే చదువు ముగిసినది. ఇది అనుకరింపదగిన మార్గము కాదని వేరుగా చెప్పనక్కరలేదు. బడి విడిచిన బాలురు వేలకొలది ఉందురు. వారిలో నాయుడైనవాడు ఒక్కడే. అతడు పుస్తకమును విడిచెను గాని కుతూహలమును విడువలేదు. అదియే అతనిని కాపాడినది. కొంతకాలము అతడు తండ్రి పొలమున పనిచేసెను.

యౌవనారంభమున జరిగిన ఒక చిన్న సంఘటన ఆ పొలపు పనికి స్వస్తి చెప్పించినది. ఆంగ్లేయుడైన ఒక రెవిన్యూ ఉద్యోగి మోటారు సైకిలుపై ఆ ప్రాంతమునకు వచ్చెను. అది రడ్జ్ అను పేరుగల బండి. ఇంగ్లండులోని కొవెంట్రీ నగరమున తయారైనది. ఎద్దు లేదు, గుఱ్ఱము లేదు, తొక్కు కాలు లేదు. అయినను బండి పరుగెత్తుచున్నది. ఊరివారందరును దానిని వింతగా చూచి ఎవరి పనికి వారు పోయిరి. దొరస్వామికి మాత్రము ఆ దృశ్యము కన్నులనుండి చెదరలేదు. దానిని ఎక్కవలెనను కోరికకంటె, అది ఏల కదలుచున్నదో తెలిసికొనవలెనను తపన అతనిని పట్టుకొన్నది.

ఆ బండిని కొనుటకు చేతిలో పైకము లేదు. అతడు కోయంబత్తూరు పట్టణమునకు పోయి ఒక హోటలులో వడ్డన పనికి కుదిరెను. వచ్చిన జీతములో దినవెచ్చము పోగా మిగిలినది కూడబెట్టెను. సుమారు మూడేండ్లు అట్లు శ్రమించి, కూడబెట్టిన ధనముతో తుదకు ఆ ఉద్యోగినుండియే బండిని కొనెనని చెప్పుదురు. భూస్వామి కుమారులు గుఱ్ఱములపై తిరుగు కాలమది. ఒక హోటలు పనివాడు మోటారు సైకిలు కొనుట ఆ దినములలో సామాన్యమైన సంగతి కాదు.

కొన్నవాడు దానిపై ఊరేగవలెను గదా! దొరస్వామి అట్లు చేయలేదు. బండిని విప్పెను. ఆనాటి మోటారు సైకిలు నిర్మాణము సరళమైనది. ఒక్కటే సిలిండరు; అందులో పైకి క్రిందికి ఆడు పిస్టను ఒకటి; పెట్రోలును గాలితో కలుపు కార్బురేటరు; నిప్పురవ్వను పుట్టించు మాగ్నెటో; శక్తిని వెనుక చక్రమునకు అందించు పట్టీ. ఇంతమాత్రమే. కాని ఈ అయిదింటి పొందికలో మోటారు శాస్త్రమంతయు ఇమిడియున్నది. రవ్వ ఒక క్షణము ముందుగా పుట్టిన ఇంజను తన్నును. ఆలస్యముగా పుట్టిన బలము తగ్గును. గాలి ఎక్కువైన మంట నిలువదు. పెట్రోలు ఎక్కువైన ప్లగ్గు మసిబారును. ఈ సూత్రములను అతడు గ్రంథములనుండి కాక వేళ్లతో నేర్చుకొనెను.

విప్పుట సులభము, మరల కూర్చుట కష్టము. పసిబాలుడైనను గడియారమును విప్పగలడు. కూర్చిన పిదప ఒక్క మరయు మిగులకుండ, ఒక్క రేకును వంగకుండ, బండి మునుపటివలె పరుగెత్తినప్పుడే ఆ విద్య పూర్తియైనట్లు. దొరస్వామి ఈ పరీక్షను తనకు తానే పెట్టుకొని నెగ్గెను. ప్రశ్నపత్రమును, విద్యార్థియు, పరీక్షాధికారియు ఆ ఇనుప బండియందే కలిసియున్నట్టి పరీక్ష అది. ఇట్లు ఒక హోటలు పనివాడు యంత్రపు పనివాడుగా మారెను.

తరువాతి కాలము సాఫీగా సాగలేదు. మొదటి ప్రపంచయుద్ధకాలమున పత్తి వ్యాపారమున ప్రవేశించి తిరుప్పూరులో లాభము గడించి, బొంబాయి పత్తిబేరములలో ఆ ధనమంతయు పోగొట్టుకొనెనని చెప్పుదురు. అయినను చేతిలోని విద్య నష్టపోవునది కాదు. కోయంబత్తూరున స్థిరపడిన ఆంగ్లేయ పారిశ్రామికుడు సర్ రాబర్టు స్టేన్సు ఆయన పనితనమును గుర్తించి చేయూతనిచ్చెను. 1920లో నాయుడు ఒక మోటారు బస్సును కొని పొల్లాచ్చి పట్టణమునుండి పళని పుణ్యక్షేత్రమునకు తానే నడుపసాగెను.

ఆనాటి బస్సు ఎట్టిదో నేటి విద్యార్థులు ఊహింపజాలరు. విదేశమునుండి ఇంజనును, చట్రమును తెప్పించి, దానిపై ఇచ్చటి వడ్రంగులు కొయ్యతో పైకట్టడము కట్టెడివారు. ముందు భాగమున ఇనుప హ్యాండిలు పెట్టి చేతితో త్రిప్పినగాని ఇంజను మేలుకొనెడిది కాదు. ఏమరుపాటున త్రిప్పినచో ఆ హ్యాండిలు వెనుకకు తన్ని మణికట్టు విరుగగొట్టెడిది. ఎండలో దూరము పోయిన రేడియేటరులో నీరు మరగి ఆవిరి ఎగజిమ్మెడిది. దారి పొడవున దుమ్ము, గతుకులు. టైరు ఎచ్చట పగులునో తెలియదు. అట్టి బాటపై, మ్రొక్కుబళ్లు తీర్చుకొనుటకు పోవు యాత్రికులను కూర్చుండబెట్టుకొని వేళకు గమ్యము చేర్చుటకు స్టీరింగు పట్టుట తెలిసిన చాలదు; ప్రయాణము మొదలు కాకమునుపే బండి నాడి చూడగలుగవలెను.

నాయుడు విజయరహస్యము ఇచ్చటనే కలదు. ఆనాటి బస్సు యజమానులు అనేకులు బండి ఆగువరకు నడిపి, ఆగిన పిదప బాగుచేయించెడివారు. నాయుడు ఆగకమునుపే చూచెడివాడు. ఇంజను చప్పుడులో మార్పు వినిపించిన దానిని వెంటనే విప్పవలెను. నూనె నల్లబడిన మార్చవలెను. అరిగిన భాగము విరుగువరకు వేచియుండరాదు. ఇది ఆయన పద్ధతి. ఒక్క బస్సుతో మొదలైన వ్యాపారము కొలది సంవత్సరములలో యు.ఎం.ఎస్. అను పేరుగల సంస్థయై, దేశమునందే మిక్కిలి సమర్థముగా నడచు బస్సు సంస్థలలో ఒకటిగా పేరొందినది. నేడు ఆత్మకూరునకో, నందికొట్కూరునకో బస్సుకొరకు వేచియుండు పాములపాటి విద్యార్థికి బస్సు వేళకు వచ్చుట సహజముగా తోచును. ఆ సహజత్వము వెనుక తెల్లవారకమునుపే డిపోలో మసి అంటిన చేతులు కలవని తెలిసికొనుట మంచిది.

ఇదే కాలమునకు చెందిన వేరొక మోటారు వాహనము తెలుగుదేశమున సుప్రసిద్ధమైనది. హైదరాబాదు ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాను రోల్స్ రాయిస్ సంస్థవారికి ఒక కారును పురమాయించెను. ఆయన 1911లో మరణించుటచే అది ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాను చేతికి వచ్చెను. పసుపుపచ్చని రంగుతో, లోపల సింహాసనమును పోలిన ఆసనముతో మెరయు ఆ బండి ఉత్సవములకు మాత్రమే బయలు వెడలెడిది. దశాబ్దముల కాలములో అది కొన్ని వందల మైళ్లకు మించి నడువలేదని చెప్పుదురు. నేడది హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమున సందర్శకులకు కన్నులపండువు చేయుచున్నది. నిజాము కారు ఒక రాజ్యవైభవమునకు గుర్తు. అందులో నైపుణ్యమంతయు దానిని నిర్మించిన ఇంగ్లండు పనివారిది. నాయుడు కొన్న మోటారు సైకిలు ఆ కారు ప్రక్కన నిలువదగినది కాదు. అయినను ఒక బండి సింహాసనమైనది, రెండవ బండి పాఠశాలయైనది. దేశమునకు ఈ రెండవదానివలన కలిగిన మేలు ఎక్కువ.

ఆ పాఠశాలనుండి వెలువడిన ఫలములు పెక్కులు. 1937లో కోయంబత్తూరు పీలమేడు ప్రాంతమున నాయుడును, డి. బాలసుందరము నాయుడును కలిసి భారతదేశమున దేశీయమైన తొలి విద్యుత్ మోటారును రూపొందించిరి. నేడు తెలుగునాట బావులపైనను, కాలువగట్లపైనను నీరు తోడు పంపుసెట్లలో కోయంబత్తూరు పేరు గలవి కోకొల్లలు. ఆ పట్టణము మోటారులకు, పంపులకు పుట్టినిల్లగుటకు ఆనాడు పడిన బీజము ముఖ్యకారణము. పాములపాటి పొలమున మోటారు మీట నొక్కు రైతు తెలియకయే ఆ చరిత్రతో ముడిపడియున్నాడు.

బ్యాటరీతో నడచు క్షౌరయంత్రమును రాసంట్ అను పేర నాయుడు రూపొందింపగా, అది జర్మనీలోని హైల్‌బ్రోన్ నగరమున తయారైనది. మిక్కిలి పలుచని క్షౌరపు బ్లేడు, పండ్లరసము తీయు యంత్రము, కిరోసిన్‌తో తిరుగు పంకా, మోసమునకు తావులేని ఓట్ల నమోదు యంత్రము, సినిమా కెమెరాకు దూరమును సవరించు పరికరము మున్నగునవి ఆయన బుద్ధినుండి పుట్టినవే. అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే తయారుచేయగలనని 1941లో ఆయన ప్రకటించెను. విదేశములు తిరిగి కర్మాగారములను పరిశీలించెను. కెమెరాయనిన ఆయనకు ప్రాణము. 1936 జనవరిలో లండనున అయిదవ జార్జి చక్రవర్తి అంత్యయాత్రను స్వయముగా చిత్రించెను. పొలమును సైతము ఆయన విడువలేదు. పత్తి, మొక్కజొన్న, బొప్పాయి పంటలలో క్రొత్తరకములను పెంచెను. సర్ సి.వి. రామన్, మోక్షగుండం విశ్వేశ్వరయ్య వంటి మహామహులు ఆయన తోటను సందర్శించిరి.

1944లో నాయుడు మోటారు వ్యాపారమునుండి చాలవరకు విరమించి, తన ధనమును పరిశోధక విద్యార్థులకు, కార్మికుల క్షేమమునకు, వెనుకబడినవారి మేలునకు వినియోగింప బూనెను. అప్పుడే ఉపాధ్యాయులు తప్పక తెలిసికొనదగిన ఘట్టము ఆయన జీవితమున సంభవించినది. బడినుండి పారిపోయిన ఆ బాలుడు పెద్దవాడై బడి కట్టించెను. ఆయన పూనికచేతను, విరాళములచేతను కోయంబత్తూరున ఒక పాలిటెక్నిక్, ఒక ఇంజనీరింగు కళాశాల వెలసినవి. నాటి మద్రాసు గవర్నరు ఆర్థరు హోప్ పేరు వానికి పెట్టబడినది. ఆ ఇంజనీరింగు కళాశాలయే పిమ్మట కోయంబత్తూరు ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా ప్రసిద్ధి కెక్కినది. 1945లో ఆ కళాశాలకు నాయుడే ప్రిన్సిపాలయ్యెను. ప్రాథమికవిద్యతో చదువు చాలించినవాడు ఇంజనీర్ల కళాశాలకు అధిపతియగుట వింతలలో వింత.

ఆ పదవిలో ఆయన ఎక్కువకాలము నిలువలేదు. నాలుగేండ్ల ఇంజనీరింగు చదువు కాలమును వృథాపుచ్చుచున్నదనియు, అంతటి విద్యను రెండేండ్లలోనే బోధింపవచ్చుననియు ఆయన వాదించెను. బ్రిటిషు ప్రభుత్వము సమ్మతింపలేదు. నాయుడు పదవిని త్యజించెను. ఈ వివాదమున ఎవరు ఒప్పు, ఎవరు తప్పు అని నేటికిని ఉపాధ్యాయులు ఆలోచింపవచ్చును. వంతెన కట్టువాడు బరువు లెక్కకట్టనిదే కట్టరాదు. లెక్క నేర్చుటకు కాలము పట్టును. చేతులతో నేర్చినది తన చేతిలోని యంత్రమువరకే పోవును. గణితము చూడని యంత్రమునకు సైతము దారి చూపును. ఆ విషయమున ప్రభుత్వపు జాగ్రత్త నిరాధారమైనది కాదు. అయినను నాలుగేండ్లు చదివి ఒక్క ఇంజనునైనను విప్పి చూడక పట్టభద్రుడైన యువకుని చూచినప్పుడు నాయుడు ఆవేదన వ్యర్థమని అనలేము. ఆయన కాలపరిమితిని గురించి పొరపడియుండవచ్చును గాని, విద్యార్థి చేతికి మసి అంటవలెనను మాటలో పొరపడలేదు.

1952లో నాయుడు తన చిరకాలపు కలకు రూపమిచ్చెను. ఇద్దరు కూర్చుండదగిన పెట్రోలు కారును నిర్మించెను. దాని వెల కేవలము 2,000 రూపాయలు. కారు అనిన జమీందారులకు, పెద్ద ఉద్యోగులకు మాత్రమే తగినదని లోకము తలచుచుండిన దినములలో, ఒక ఉపాధ్యాయుడు, ఒక చిన్న వర్తకుడు కొనదగిన కారు మన దేశముననే పుట్టినది. అమెరికాలో హెన్రీ ఫోర్డు 1908లో టి మాడల్ కారును వెలువరించి, 1927 వరకు ఒకటిన్నర కోటికి పైగా బండ్లను తయారుచేసి, సామాన్యునికి కారును అందుబాటులోనికి తెచ్చెను. అట్టి మార్గమునకు ఇచ్చట ద్వారము తెరచుకొనవచ్చునని ఆశ కలిగినది. కాని ఆ ద్వారము తెరచుకొనలేదు. క్రొత్తగా స్వతంత్రమైన దేశమున పరిశ్రమలు ప్రభుత్వ అనుమతికి లోబడియుండెను. 1951నాటి పరిశ్రమల చట్టము దానికి మూలము. విదేశీ మారకద్రవ్యము కొరత, ఇనుము కొరత ఆనాటి పాలకులను కలవరపెట్టుచుండెను. నాయుడు కారు ఉత్పత్తికి లైసెన్సు లభింపలేదు. పని ఆగిపోయినది.

ఆ కలను దేశము మరచిపోలేదనుటకు పిదపటి చరిత్రయే నిదర్శనము. 1983 డిసెంబరులో మారుతి చిన్నకారు వెలువడి మధ్యతరగతి ఇండ్లముందు నిలిచినది. 2008లో టాటా సంస్థవారు లక్షరూపాయల కారని పేరొందిన నానోను ప్రదర్శించిరి. అది 2018 నాటికి ఆగిపోయినది. సామాన్యునికి కారు కావలెనన్న తలపు మాటిమాటికి తలయెత్తుచునే యున్నది. ఆ తలపును ముప్పదియేండ్లు ముందుగా, పరిమితమైన సాధనములతో, తన కర్మాగారమున రూపుకట్టించిన ఘనత నాయుడిది. ఓటమి సైతము ఒక్కొక్కప్పుడు దారి చూపును.

నాయుడు యంత్రములను వాడి పారవేయువాడు కాడు. ఆయనయు, ఆయన పిదప ఆ కుటుంబమువారును సేకరించి కాపాడిన పాత మోటారు వాహనములతో 2015లో కోయంబత్తూరు అవినాశి రోడ్డున జీడీ కార్ల మ్యూజియము ప్రారంభమైనది. అందు జర్మనీ, ఇంగ్లండు, అమెరికా, ఫ్రాన్సు మున్నగు దేశముల పాతకార్లు వరుసతీరి యున్నవి. 1886 జనవరిలో జర్మనీయుడు కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన మూడు చక్రముల బండి నమూనాయు అచ్చట కలదు. ఆ బండి పుట్టిన రెండేండ్లకు, 1888 ఆగస్టులో, ఆయన భార్య బెర్తా బెంజ్ ఇద్దరు కుమారులతో అట్టి బండిపై మాన్‌హైమ్ నగరమునుండి ఫోర్జ్‌హైమ్ నగరమువరకు సుమారు 100 కిలోమీటర్లు ప్రయాణించెను. దారిలో మూసికొనిపోయిన ఇంధనపు గొట్టమును తన టోపీ సూదితో శుభ్రపరచెను. మందులషాపులో ద్రావకము కొని ఇంధనముగా పోసెను. మోటారు చరిత్రలో మొదటి దూరప్రయాణమే మొదటి మరమ్మతుగా కూడ నిలిచినది. నాయుడు మనస్సును ఎరిగినవారికి ఈ కథ దగ్గరి చుట్టపు కథవలె తోచును.

పాత కారును గుర్తించుట ఒక విద్య. పక్షిని రెక్కలనుబట్టి, చెట్టును ఆకునుబట్టి గుర్తించునట్లు కారును ముఖమునుబట్టి గుర్తింతురు. ముందుండు రేడియేటరు ఆకృతి ఒక్కొక్క సంస్థకు ఒక్కొక్క విధముగా ఉండును. రోల్స్ రాయిస్‌దైనచో గ్రీకు దేవాలయపు ముంగిలివలె నిటారుగా నిలుచును. చక్రములకు కొయ్య ఆకులున్నచో అది మిక్కిలి పాతది. దీపములు కార్బైడు వాయువుతో వెలుగునవైనచో ఇంకను పాతది. ఎడమ కుడి మడ్‌గార్డులు, ప్రక్కన అడుగుపెట్టు పలక, ముందు హ్యాండిలు పెట్టు రంధ్రము, రబ్బరు బుడగ నొక్కిన పలుకు హారను, ఇవన్నియు కాలమును తెలుపు గుర్తులు. తుదకు చట్రముపైనను, ఇంజనుపైనను చెక్కిన సంఖ్యలు సంస్థవారి లెక్కతో సరిపోయినప్పుడే బండి అసలైనదని నిశ్చయింతురు.

గుర్తించిన పిదప కాపాడుట మరియొక విద్య. ఏండ్ల తరబడి నిలిచిన ఇంజనును తొందరపడి త్రిప్పినచో పిస్టను కడియములు సిలిండరునకు అంటుకొనియుండి విరుగును. ముందు ప్లగ్గులను ఊడదీసి ఆ రంధ్రములలో కొంచెము నూనె పోసి, కొన్ని దినములు నాననిచ్చి, పిదప చేతితో మెల్లగా త్రిప్పవలెను. తొట్టిలోని పాత పెట్రోలు జిగురుగా మారియుండును. దానిని పూర్తిగా తీసి గొట్టములను కడుగవలెను. ఎండిన రబ్బరు గొట్టములను, బ్రేకులను, విద్యుత్ తీగలను క్రొత్తవిగా మార్చవలెను. నిలిచియుండిన టైరు ఒకేచోట అణగి చదునగును గావున బండిని దిమ్మలపై ఎత్తియుంచవలెను. రంగు వెలసినను అది తొలినాటిదైనచో చెరపకుండుట మేలని నిపుణులందురు. ఈ పనులలో పాత విడిభాగములు అంగడిలో దొరకవు. అందుకే నాయుడువంటి యంత్రశాల గలవాడు వానిని తన తరిమెనపట్టుపైననే చేసికొనవలసి వచ్చును.

2021లో భారత ప్రభుత్వము మోటారు వాహనముల నియమములను సవరించి, 50 ఏండ్లు దాటి, తొలిరూపము చెడకుండ నిలిచిన రెండు చక్రముల, నాలుగు చక్రముల వాహనములకు వింటేజి వాహనములను పేర ప్రత్యేక నమోదును ఏర్పరచినది. వానిని నిత్యము రోడ్డుపై నడుపుటకు గాని, వ్యాపారమునకు వాడుటకు గాని వీలులేదు. ప్రదర్శనలకు, పరిశోధనకు, సాంకేతిక పోషణకు, ఊరేగింపులకు మాత్రమే వాడవచ్చును. పాతబండి చెత్త కాదనియు, చరిత్రకు సాక్షియనియు చట్టము సైతము ఒప్పుకొనినట్లయినది.

నాయుడు 1974 జనవరి 4వ తేదీన కోయంబత్తూరున కన్నుమూసెను. పారిశ్రామిక కార్మిక క్షేమసంఘము, ఆయన పేరిటి పారిశ్రామిక ప్రదర్శనశాల ఆయన పిదపను నిలిచినవి. వడ్డించిన చేయి, విప్పిన చేయి, బస్సు నడపిన చేయి, మోటారు కూర్చిన చేయి, కళాశాల కట్టించిన చేయి, అన్నియు ఒకే మనుష్యునివి. ఆయన జీవితమునుండి విద్యార్థి గ్రహింపవలసినది బడిని విడువవలెనని కాదు. బడిలో నేర్చినదానిని చేతికి దింపవలెననియు, తన చేతిలోని వస్తువును తానే ఎరుగవలెననియు గ్రహింపవలెను.

పాములపాటి బాలుడు తన సైకిలు గొలుసు ఊడినప్పుడు దానిని త్రోసికొని మెకానిక్కు వద్దకు పోవును. అట్లు పోవుటలో తప్పు లేదు. పోయినప్పుడు దూరముగా నిలువక, ప్రక్కన కూర్చుండి చూడవలెను. ఏ మర ఎచ్చట బిగించుచున్నారో, కందెన ఎచ్చట వేయుచున్నారో అడిగి తెలిసికొనవలెను. ఉపాధ్యాయుడును తన తరగతిలోని పాత పంకాను, పగిలిన గడియారమును పారవేయక, నెలకొక్క దినము దానిని బల్లపై పెట్టి పిల్లలచే విప్పించి మరల కూర్పించినచో, పుస్తకములోని చక్రములు, మీటలు పిల్లల వేళ్లకు వచ్చును. అట్టి పిల్లలలో ఒకడు రేపు బనకచర్ల తలుపుకు కందెన పెట్టువాడు కావచ్చును, మరియొకడు క్రొత్త యంత్రమును కనుగొనువాడు కావచ్చును. ఆ ఇద్దరి పనియు దేశమునకు అవసరమే. కలంగల్ పొలమున నిలిచి ఆ మోటారు సైకిలును చూచిన బాలునకు నాడు ఎవరును నేర్పలేదు; నేడు నేర్పుటకు ఉపాధ్యాయులు కలరు.